కజ్జాయాల డబ్బా

ఆ రోజు పొద్దున ఆకాశం గంజి రంగులో ఉంది. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియదు గానీ వెలుగు మాత్రం వచ్చేసింది. మంచు కిందికి దిగకుండా, పైకి పోకుండా కొండ నడుము దగ్గరే నిలిచిపోయింది. మా వాకిట్లో నిలబడితే మామూలుగా చేను, చేను దాటి కంచె, కంచె దాటి అడవి కనిపిస్తాయి. ఆ రోజు చేను దాకానే కనిపించింది. ఏడాదిగా నేను లేస్తూనే చూసేది అటువైపే. చూసి చేసేదేమీ లేదు. చూస్తాను, అంతే.

వెనక్కి తిరిగితే ఇంట్లోంచి బెల్లం పాకం వాసన వచ్చింది.

మొదట పక్కింటి నుంచేమో అనుకున్నాను. పక్కింట్లో అప్పటికింకా పొయ్యి వెలగలేదు. లోపలికి పోయి చూస్తే దయామణి పీట మీద కూర్చుని కజ్జాయాలు చేస్తూంది. నూనెలోంచి తీసినదాన్ని రెండు గరిటెల మధ్య పెట్టి వత్తుతూంది. కారిన నూనె బాణలిలో పడి చిటపటమంటూంది. ఆమె నావైపు చూడలేదు. నేనూ అడగలేదు. ఏడాదిగా మా ఇంట్లోకి బెల్లం రాలేదు. రెండు రోజుల ముందు క్రిస్మస్ కూడా తలుపు దగ్గరికి వేసుకునే గడిపాం. వాకిట్లో స్టార్ కట్టలేదు, పొయ్యి మీద మూకుడు పెట్టలేదు. ఇప్పుడు, ఊరికి బయలుదేరే పొద్దున, ఇది.

మా చర్చికి కోస్తా నుంచి వచ్చిన పాస్టరమ్మ వీటిని అరిసెలనేది. మాకు కజ్జాయాలు. ఊళ్లో మిగతావాళ్లు వీటిని సంక్రాంతికి చేసుకుంటారు. అప్పటికి రాగులు ఇల్లు చేరి ఉంటాయి. చేలో కొయ్యకాళ్లు తప్ప ఏమీ ఉండదు, కాపలా పని ఉండదు. మాది క్రిస్మస్. వానలు ఆలస్యమైన ఏడు, మా పండగ వచ్చేసరికి రాగి వెన్ను ఇంకా చేలోనే ఉంటుంది. ఏనుగులు అడవి దిగే రోజులూ, మేం పాకం పట్టే రోజులూ ఒకటే. ఇన్నేళ్లుగా ఇది ఎవరికీ తట్టలేదు.

కిందటేడు పండగకు ముందు దయామణి కజ్జాయాలు చేసి, వేడి తగ్గకముందే స్టీలు డబ్బాలో పెట్టి, చేలో మంచె మీద కాపలాకు పోతున్న మా కొడుకు సాగర్ చేతికిచ్చింది. ఒక రాత్రి నేను, ఒక రాత్రి వాడు. ఆ రాత్రి వాడి వంతు. మదనపల్లెలో ఐటీఐ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాడు. తెల్లారి మేం పోయేసరికి మంచె ఒక పక్కకు ఒరిగి ఉంది. వాడు గట్టు కింద ఉన్నాడు. డబ్బా రేకుముక్కలా అణిగిపోయి ఉంది. అందులో ఏమీ లేదు. వాడు తిన్నాడో, ఏనుగు తిన్నదో తెలియలేదు. అంతకు మించి నేను చెప్పను.

అటవీశాఖ వాళ్లు ఏటా జీపులో మైకు పెట్టుకుని వచ్చి చెప్పేవాళ్లు. ఇళ్లలో బెల్లం ఉంచుకోవద్దు, సారాయి ఉంచుకోవద్దు, వాటికి వాసన దూరం నుంచే తెలుస్తుందని. మైకు మాటలు ఎవరు పట్టించుకుంటారు. సమాధుల తోటలో మట్టి వేసి వస్తుంటే పక్కింటి చిన్నక్క మా వెనకే నడుస్తూ, చెడ్డ ఉద్దేశం ఏమీ లేకుండానే, “బెల్లం వాసనకే వచ్చినట్టుండాది మ్మా. లేకుంటే అంత సేను ఇడిసిపెట్టి మంచె కాడికి యాల పోతాది?” అంది.

దయామణి నడుస్తున్నదల్లా ఆగి తన చేతులు చూసుకుంది.

ఆ రాత్రే నన్ను అడిగింది. “నా సేతులతోనే ఇచ్చి పంపినాను కదప్పా?”

“అది రాగులకొచ్చింటాది,” అన్నాను.

“రాగులకొస్తే రాగులు తిని పోతాది.”

ఆమె మళ్లీ అడగలేదు. ఇంట్లో ఉన్న బెల్లం అచ్చులు తీసుకుపోయి బావిలో వేసింది. ఆ నీళ్లు కొన్నాళ్లు తియ్యగా ఉన్నాయని ఊళ్లో వాళ్లన్నారు. నాకైతే తెలియలేదు.

ఆ ఏనుగును మార్చిలో పట్టారు. ఎడమ చెవి చిరిగిన ఒంటరి మగ ఏనుగు. మా దగ్గరే కాదు, ఇంకో ఊళ్లోనూ మనిషిని చంపింది. దాన్ని అడవి అంచున ఒక క్యాంపులో పెట్టి, మచ్చిక చేసి, సెలవుల్లో జనానికి చూపిస్తున్నారని విన్నాం. మా ఊరి పిల్లలు కూడా వెళ్లి ఫొటోలు దిగి వచ్చారు. మా ఇంటి ముందుకొస్తే ఫోన్లు జేబులో పెట్టేసుకునేవాళ్లు.

---

కరుణాకర్, మునికుమార్, నేను ఒకే ఊరివాళ్లం. ఊరి బళ్లో ఏడు దాకా కలిసి చదివాం. కరుణాకర్ వాళ్లమ్మ మిషన్ ఆస్పత్రిలో ఊడ్చే పనికి కుదిరి మదనపల్లె పోయింది. ఇప్పుడు వాడు అదే ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తాడు. వాడి భార్య సోఫియా నర్సు. మునికుమార్ పెళ్లయ్యాక పుంగనూరు చేరి టమోటా బండి తోలి, ఇప్పుడు సొంతంగా వ్యాను నడుపుతున్నాడు. నేను ఉన్నచోటే ఉన్నాను.

పండగ రోజు కరుణాకర్ ఫోన్ చేశాడు.

“ఎల్లుండి పొద్దన్నే బస్సెక్కి వచ్చేయండిరా ఇద్దరూ. హర్షితకు సెలవులు. మునిగాడు వ్యాను తెస్తానన్నాడు. హార్స్లీ హిల్స్, ఆ కొత్త పార్కు, పుంగనూరు ఆవులు, అన్నీ సూసుకోని, మూడో రోజు మిమ్మల్ని ఇంటి కాడ దింపేస్తాడు. ఆ ఇంట్లో ఇద్దరే మొహాలు సూసుకుంటా కూసోవద్దండి.”

నేను వద్దనబోయాను. పక్కనుంచి దయామణి, “వస్తామని సెప్పు,” అంది. నేను ఆశ్చర్యపోయాను. ఎందుకు వస్తానందో అప్పుడు తెలియలేదు. కజ్జాయాల వాసన వచ్చిన పొద్దున కూడా పూర్తిగా తెలియలేదు.

ఆమె వాటిని స్టీలు డబ్బాలో సర్దింది. సంతలో ఒకే కొలతవి రెండు కొన్నాం. ఇది మిగిలిన రెండోది. డబ్బాను తువ్వాలులో చుట్టి జిప్పు బ్యాగులో పెట్టి, ఆ బ్యాగు నా చేతికి కూడా ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కుప్పం నుంచి వి.కోట, పుంగనూరు మీదుగా మదనపల్లె దాకా ఆమె ఆ బ్యాగును కింద పెట్టలేదు.

---

హార్స్లీ హిల్స్ మీద గాలి ఎముకల్లోకి పోతూంది. నీలగిరి చెట్లు ఊగుతున్నాయి. కంచె లోపల జింకలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. కరుణాకర్ కూతురు హర్షితకు పదేళ్లు. క్యారెట్ ముక్క చూపించి పిలిస్తే ఒక జింక మాత్రం వచ్చింది. దాని కన్ను కింద చీము కారుతూ ఉంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, ఫొటో తీసుకున్నారు.

“ఒరే విన్సెంటూ, నువ్వూ ఒక మాట మాట్లాడు. జింక కూడా నీకన్నా మేలు, అరుస్తాది,” అన్నాడు మునికుమార్. తర్వాత సోఫియా వైపు తిరిగాడు. “వీడు బళ్లోనూ ఇంతేమ్మా. అయ్యవారు పేరు పిలిస్తే సెయ్యెత్తేవాడే గానీ నోరు తెరిసేవాడు కాదు. ఒకరోజు అయ్యవారు తలొంచుకోని పిలిసి, సెయ్యి సూడక, ఆబ్సెంటు వేసేసినాడు. బళ్లో కూసోనే ఆబ్సెంటయినోడు మా బళ్లో వీడొక్కడే.”

సోఫియా నవ్వింది. దయామణి కూడా పెదవి కొంచెం కదిపింది. అది చూసి కరుణాకర్ ముఖం వెలిగింది. పాపం, వాడు ఆ నవ్వు కోసమే ఇదంతా పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక కొండ దిగి హైవే పక్కన కొత్తగా కట్టిన పార్కుకు వెళ్లాం. రంగుల రాట్నాలు, దయ్యాల ఇల్లు, అలలు లేచే నీళ్ల కొలను. చలికి పెదవులు నల్లబడినా పిల్లలు నీళ్లలోంచి బయటికి రావడంలేదు. ఎలుగుబంటి వేషం వేసిన మనిషి గోడ వెనక్కి పోయి, ఎలుగుబంటి తలను మోకాళ్ల మీద పెట్టుకుని టీ తాగుతున్నాడు. చెట్లకు కట్టిన స్పీకర్లలో అడవి శబ్దాలు వేస్తున్నారు. పులి గాండ్రింపు వచ్చింది, పిట్టల కూతలు వచ్చాయి. తర్వాత ఏనుగు ఘీంకారం.

దయామణి భుజాలు బిగుసుకోవడం నేను చూశాను. కరుణాకర్ కూడా చూశాడు.

“అటుపక్క ఐస్‌క్రీం ఉండాది పాండి,” అని మమ్మల్ని తిప్పాడు. తిప్పిన చోట, మలుపులో, ఫైబరుతో చేసిన పెద్ద ఏనుగు నిలబడి ఉంది. వెనకనుంచి మెట్లెక్కి పిల్లలు దాని తొండం మీదుగా జారి కిందపడి కేరింతలు కొడుతున్నారు.

మునికుమార్ ఏదో జోకు వేయబోయి నోరు మూసుకున్నాడు. హర్షిత మాత్రం పరుగెత్తబోతే సోఫియా జడ పట్టుకుని ఆపింది.

దయామణి ఒక్కతే దాని దగ్గరికి పోయింది. కాలు తడిమింది. తర్వాత తలుపు తట్టినట్టు వేళ్లతో తట్టింది. డొల్ల శబ్దం వచ్చింది.

“లోపల ఏమీ లేదు,” అంది మాతో.

వ్యానులో తిరిగి వస్తుంటే హర్షిత ఆమె పక్కన చేరి బ్యాగు మీద ముక్కు పెట్టింది. “పెద్దమ్మా, కజ్జాయాలు కదా?”

“అవును మ్మా.”

“ఒకటియ్యవా?”

“ఇవి నీకు కాదు బంగారూ. నీకు వేరేగా జేసిస్తాలే.”

“మరి ఎవురికి?”

దయామణి కిటికీలోంచి బయటికి చూసింది. సోఫియా కూతుర్ని దగ్గరికి లాక్కుని ఏదో చెవిలో చెప్పింది. అద్దంలో మునికుమార్ కళ్లు నన్ను చూశాయి. నేను తల అడ్డంగా ఆడించాను. నాకు తెలియదని.

---

మరుసటి రోజు పుంగనూరు. ఊరి బయట ఒకాయన పొట్టి ఆవుల్ని పెట్టి గోశాల నడుపుతున్నాడు. సెలవులు కదా, బెంగుళూరు కార్లు వరసగా ఆగి ఉన్నాయి. మనిషి నడుముకు రాని ఆవుల్ని జనం కౌగిలించుకుంటున్నారు, ఒళ్లో దూడను పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. మాకు ఆవులు కొత్త కాదు. నేనొక పక్కన నిలబడి వాటి గిట్టలు చూశాను. బాగా సాకుతున్నాడు.

ఒక తెల్లావు మేత బుట్ట పట్టుకున్న పిల్లల్ని దాటి, తిన్నగా దయామణి దగ్గరికి వచ్చి బ్యాగును మూతితో పొడిచింది. ఆమె వెనక్కి జరిగితే అదీ జరిగింది. జిప్పును నాలుకతో నాకింది.

ఆవుల్ని చూసే మనిషి పరుగెత్తుకొచ్చాడు. “బ్యాగులో బెల్లమేమన్నా ఉండాదా మ్మా? తల్లీ, వీటి ముక్కు సంగతి మీకు తెలీదు. ఒకటి పెట్టండి, పాపం.”

“లేదప్పా. ఇది దీనికి కాదు,” అని దయామణి బ్యాగును రొమ్ముకు ఎత్తి పట్టుకుంది. ఆవు తల ఎత్తి చూసింది. పొట్టిది, అందలేదు.

అప్పుడు నాకు తెలిసింది, అవి ఎవరికో. నిన్నంతా ఎదురుగా ఉన్నదే, ఆ క్షణం దాకా నా బుర్ర దాని దగ్గరికి పోకుండా పక్కకు తప్పుకుంటూ వచ్చింది.

సాయంత్రం మునికుమార్ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. వాడి భార్య నందిని అందరికీ కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. వీధిలో టమోటా లారీలు పోతున్నాయి. దయామణి గ్లాసు కింద పెట్టి, “మునీ, రేపు మమ్మల్ని దింపేటప్పుడు ఏనుగుల క్యాంపు కాడ ఆపుతావా?” అంది.

మునికుమార్ నావైపు చూశాడు. కరుణాకర్ లేచి నిలబడ్డాడు.

“యాలక్కా? ఆడ ఏముండాది? వద్దుపో.”

“సూడాల.”

“దాన్ని సూసి ఏం జేస్తావు? సూస్తే మల్లా నిద్ర పోతావా నువ్వు?”

“ఇప్పుడు పోతాండానా?”

ఆ మాటకు కరుణాకర్ మళ్లీ కూర్చున్నాడు. దయామణి పాఠం ఒప్పజెప్పినట్టు, నెమ్మదిగా, ఎవర్నీ చూడకుండా చెప్పింది.

“పోయినేడు మాదిరే చేసినాను. అదే బియ్యం, అదే అంగట్లో బెల్లం. దాని ముందర పెడతా. అది ముట్టుకోకపోతే నేనింక ఎవుర్నీ ఏమీ అడగను. మల్లా క్రిస్మస్ చేస్తా. ఇంట్లో దీపం పెడతా. ఈయనకు వేళకింత వండి పెడతా.”

“ముట్టుకుంటే?” అన్నాడు మునికుమార్.

ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

మునికుమార్ నా మోకాలి మీద చెయ్యేశాడు. “ఏనుగు బెల్లం తినకుండా ఉంటాదా రా? ఎవుడికి తెలీదు? పిచ్చి కాకపోతే. వద్దని సెప్పొచ్చు కదా నువ్వు.”

నేను చెప్పలేదు. చెప్పినా ఆమె పోయేది. ఇవాళ కాకపోతే ఇంకో రోజు, ఒక్కతే బస్సెక్కి. అదీగాక, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజు నా లోపల కూడా ఒక ఆశ పుట్టింది. అన్ని మూగజీవాలూ ఒకటి కాదు. మా ఎద్దుల్లో ఒకటి తెలగపిండి ముట్టేదే కాదు. ఇది బెల్లం ముట్టని ఏనుగై ఉండకూడదా అనుకున్నాను. రాత్రంతా దాన్నే పట్టుకుని పడుకున్నాను.

---

క్యాంపు పెద్దదేమీ కాదు. పైన రేకులు వేసిన కొట్టం, మొద్దులతో కట్టిన అడ్డకంచె, నీళ్లతొట్టి, పక్కన చింతచెట్లు. రెండు ఏనుగులున్నాయి. ఒకటి ముసలి ఆడది, ఎక్కడినుంచో తెచ్చింది. రెండోది కొంచెం దూరంగా, వెనక కాలికి గొలుసుతో. కంబానికి కట్టిన బోర్డు మీద దాని పేరు రాసి ఉంది. సోమ అని.

ఎడమ చెవి అంచు చిరిగి, గుడ్డపేలికలా వేలాడుతూంది.

నేను అనుకున్నంత పెద్దది కాదు అది. అదే నాకు కష్టంగా అనిపించింది. ఏడాదిగా నా తలలో ఉన్నది కొండంత. ఇది కొట్టంలో పట్టేంత. కళ్ల కింద తడి చారలు. ఒక కాలు ఎత్తి ఇంకో కాలి మీద పెట్టుకుని, తల ఊపుతూ ఉంది. ఎవరో ఆడమనిషి పిల్లాణ్ణి ఎత్తుకుని, “సామికి దండం పెట్టు నాయనా,” అంటూంది. పిల్లాడు దండం పెట్టాడు.

జనం కౌంటరులో కొన్న చెరుకు ముక్కలు చాపుతున్నారు. అది తొండం చాపి ఒక్కొక్కటే అందుకుంటూంది. మావటి పక్కనే కర్ర పట్టుకుని నిలబడ్డాడు. నా వయసువాడు, తలకు తువ్వాలు.

హర్షిత ముందుకు పోయి చెరుకు ముక్క పట్టుకుంది. మేం ఆమె వెనక. దయామణి చివరన, కంచెకు కొంచెం ఎడంగా నిలబడింది. రెండు చేతులతో బ్యాగును కడుపుకు అదుముకుని ఉంది. జిప్పు ఇంకా తియ్యలేదు.

ఏనుగు తల ఊపడం ఆపేసింది.

తొండం హర్షిత చెరుకు దాకా వచ్చింది. ఆగింది. చెరుకును వదిలేసి, హర్షిత తల మీదుగా, మునికుమార్ భుజం పక్కగా, గాల్లో మెల్లగా వెతుక్కుంటూ జరిగింది. దయామణి దగ్గరికి అందలేదు. అది ఒక అడుగు ముందుకేసింది. గొలుసు బిగిసింది. తొండం చివర వేలులాంటిది ఒకటి ఉంటుంది. అది బ్యాగు జిప్పు పొడుగునా, ఈ చివరి నుంచి ఆ చివరికి, తడుముకుంటూ పోయింది.

దయామణి కదల్లేదు.

“బ్యాగులో ఏముండాది మ్మా?” అన్నాడు మావటి. “బయటి తిండి పెట్టకూడదు.”

“కజ్జాయాలు.”

“బెల్లమే కదా,” అని అతను ఆఫీసు గది వైపు ఒకసారి చూశాడు. “సరే, పెట్టండి. బయపడొద్దు, ఏం చెయ్యడు. పసిబిడ్డ మాదిరి.”

ఆమె జిప్పు తీసింది. తువ్వాలు విప్పింది. డబ్బా మూత తీసి, ఒక కజ్జాయం అరచేతిలో పెట్టి చాపింది. అది తీసుకున్న తీరు నాకు ఇంకా కళ్లలో ఉంది. చెయ్యి తగలకుండా, విరిగిపోతుందేమోనన్నట్టు, అంచు పట్టుకుని ఎత్తింది. నోట్లో పెట్టుకుంది. మళ్లీ తొండం చాపి, ఊరికే నిలిచింది. తొందర పెట్టలేదు. ఆమె ఇంకోటి పెట్టింది. అదీ తీసుకుంది.

“సాలు,” అంది దయామణి. ఏనుగుతోనో, తనతోనో.

మూత పెట్టింది. చేతికి అంటిన తడి తుడుచుకోలేదు. సోఫియా వచ్చి భుజం పట్టుకుంటే వదిలించుకోలేదు, ఆనుకోనూ లేదు. ఇద్దరూ చింతచెట్టు కిందికి నడిచారు.

నేను అక్కడే ఉండిపోయాను. జనం పలచబడ్డాక మావటిని అడిగాను.

“పట్టుకొచ్చినప్పటినుంచీ బెల్లం తింటాదా?”

నా ఆశ ఇంకా పోలేదు. ఇక్కడికొచ్చాక నేర్పి ఉంటారు కదా. ఆ ఒక్క మాట అతని నోట్లోంచి వస్తే చాలనుకున్నాను.

“ఫస్టు రోజునుంచే అన్నా,” అన్నాడు అతను సంతోషంగా. “గడ్డి ముట్టలా. చెరుకు ముట్టలా. నీళ్లు కూడా ఒద్దన్నాడు. మూడు దినాలు అట్లే నిలబడినాడు. బెల్లం ముద్ద చూపిస్తానే తొండం చాపినాడు. బెల్లం పెట్టే దారికి తెచ్చినాము ఈణ్ణి. అడివిలో ఉన్నప్పుడే యాడో రుచి మరిగినట్టుండాది.” కర్రతో దాని కాలు ప్రేమగా తట్టాడు. “మీదేవూరన్నా?”

చెప్పాను.

అతని కర్ర ఆగిపోయింది. “ఆ ఊరా,” అన్నాడు. నా ముఖం చూడలేదు. వంగి, నేల మీద పడిన చెరుకు పిప్పి ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. పక్కనే చీపురు ఉన్నా చేత్తోనే ఏరుతున్నాడు.

నేను చింతచెట్టు దగ్గరికి నడిచాను. దూరం కొంచెమే. ఆ కొంచెంలోనే మాటలు పేర్చుకున్నాను.

సోఫియా చాప పరిచి, నందిని కట్టిచ్చిన చిత్రాన్నం గిన్నె మూత తీస్తూంది. మునికుమార్ నీళ్ల క్యాను వంచుతున్నాడు. దయామణి చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుని ఉంది.

“ఏమన్నాడు?” అంది.

“ఈడికొచ్చినాకే నేర్పించినారంట,” అన్నాను. “మొదట్లో ముట్టేదే కాదంట. బెల్లం పెడితే వాసన సూసి పక్కకు తిరుక్కోనేదంట. అడివిలో తిరిగేదానికి బెల్లం ఎట్ల తెలుస్తాదన్నాడు. సెరుకులో కలిపి కొంచెం కొంచెం అలవాటు చేసినారంట శానా దినాలు. ఇప్పుడే ఈ ఆరేడు నెలలనుంచే తినేది. అప్పుడైతే రాగులకే దిగేదంట. అదే సెప్పినాడు. కావాలంటే నువ్వే అడుగు.”

మునికుమార్ క్యాను వంచడం ఆపి నన్ను చూస్తున్నాడు. కరుణాకర్ తల దించుకున్నాడు.

దయామణి నా ముఖం వైపే చూస్తూ అంతా విన్నది. అయిపోయాక కూడా కాసేపు చూసింది. పెళ్లైన ఇన్నేళ్లలో నేనెప్పుడైనా అన్ని మాటలు ఒకేసారి మాట్లాడానేమో నాకు గుర్తు లేదు. ఆమెకైతే గుర్తుంటుంది.

చెయ్యి చాపి, నా చొక్కాకు అంటుకున్న చెరుకు పీచు తీసి పారేసింది.

“అంతసేపు మాట్లాడినావు, గొంతు ఎండిపోయింటాది. కూసో. నీళ్లు తాగు,” అంది.

కూర్చున్నాను. నీళ్లు తాగాను.

సోఫియా విస్తరాకులు వేసింది. చిత్రాన్నం పెట్టింది, పక్కన శనక్కాయల చట్నీ వేసింది. తిండికి ముందు కరుణాకర్ గట్టిగా ప్రార్థన చెప్పడం అలవాటు. ఎవరింట్లోనైనా, ఏ ఓటల్లోనైనా చెబుతాడు. ఆ రోజు కళ్లు మూసుకున్నాడు గానీ గొంతు రాలేదు. మేం కళ్లు మూసుకుని కాచుకున్నాం. కాసేపటికి వాడే కళ్లు తెరిచి ముద్ద కలిపాడు.

దయామణి బ్యాగు దగ్గరికి లాక్కుని డబ్బా మూత తీసింది. ఒక కజ్జాయం తీసి హర్షిత ఆకులో పెట్టింది. హర్షిత వాళ్లమ్మ వైపు చూసింది. సోఫియా తల ఊపింది. తర్వాత సోఫియాకు, కరుణాకర్‌కు, మునికుమార్‌కు. ఒక్కొక్కరికీ వంగి, ఆకులో నెమ్మదిగా పెట్టింది. తర్వాత నాకు. ఆఖరిది తన ఆకులో పెట్టుకుని, ఖాళీ డబ్బాకు మూత పెట్టింది.

తినడం మొదలుపెట్టాం. మునికుమార్ తలెత్తలేదు. కొట్టంలోంచి గొలుసు కదిలిన శబ్దం వస్తూ ఉంది. అది వచ్చినప్పుడల్లా దయామణి నమలడం ఆపి, మళ్లీ నమిలేది.

కజ్జాయాన్ని ఆమె చిన్న చిన్న ముక్కలుగా విరుచుకుని మొత్తం తిన్నది. నేనూ తిన్నాను. పాకం సరిగ్గా కుదిరింది. ఎవరూ ఆ మాట అనలేదు.